పసుపు నీళ్ళ మీదికి నెట్టిన తప్పు

నా పేరు చెప్పను. నిజామాబాద్ బస్టాండు వెనక సందుల్లో పాటలు వాయించే కీబోర్డులు, సౌండు మిక్సర్లు, ఆంప్లిఫయర్లు బాగుచేసి బతికేవాళ్ళలో ఒకడిననుకోండి, చాలు. మిగతావాళ్ళ పేర్లు కూడా మార్చాను. చాలా ఏళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. గుండె మీద బండ అంటారే, అలాంటిది కాదు. పంటి సందులో ఇరుక్కున్న చెరకు పీచు లాంటిది. అన్నం తింటుంటే తగులుతుంది. ఎవరైనా నన్ను మెచ్చుకుంటే ఇంకా ఎక్కువ తగులుతుంది.

ముందే చెప్పేస్తాను, లేకపోతే చుట్టూ తిరుగుతూ మిమ్మల్ని విసిగిస్తాను. నన్ను నమ్మి చేతికిచ్చిన ఒక మనిషి కీబోర్డును నేను కావాలని పాడుచేశాను. అది ఒక తప్పు. పాడుచేసి, ఆ నిందను అతని తల్లి మీదికి నెట్టాను. అది రెండోది, అసలుది. ఎందుకు చేశావంటే, కుళ్ళు. ఓర్వలేనితనం. ఇన్నేళ్ళూ ఇంతకంటే మర్యాదైన కారణం ఏదైనా ఉందేమోనని వెతికాను. లేదు.

నన్ను అసహ్యించుకోండి, ఫరవాలేదు. మధ్యలో మాత్రం లేచిపోకండి.

నా పని సంగతి కొంచెం చెప్పాలి. కీబోర్డులో ప్రతి మెట్టు కింద ఒక రబ్బరు బొడిపె ఉంటుంది. దాని అడుగున నల్లటి చుక్క. మెట్టు నొక్కితే ఆ చుక్క పోయి కింద పలక మీదున్న నల్లటి పూతను తాకుతుంది. తాకితే స్వరం పలుకుతుంది. మధ్యలో దుమ్ము చేరిందా, అసలు పలకదు, లేదా మెల్లగా నొక్కినా గొంతు చించుకుని అరుస్తుంది. మా జిల్లాలో దుమ్ముకు కరువా? వేల్పూర్, ఆర్మూర్ నుంచి వచ్చిన కీబోర్డు విప్పితే పసుపు రాలుతుంది. బీడీలు చుట్టే ఇళ్ళ నుంచి వచ్చినదైతే తంబాకు ఘాటుకు తుమ్ములు. బోధన్ వైపు నుంచి వచ్చినవాటిలో వరి పొట్టు, ఒక్కోసారి బెల్లం జిగురు. మూత తీసి వాసన చూస్తే ఏ వైపు నుంచి వచ్చిందో చెప్పేసేవాడిని. ఆ గర్వం కూడా ఉండేది నాకు.

ఇక దసరా వచ్చిందంటే చెప్పనక్కర్లేదు. ఆయుధ పూజ కదా! డప్పుకు బొట్టు, ట్రాక్టరుకు బొట్టు, కీబోర్డుకు మెట్టుకొక బొట్టు. పైన పసుపు నీళ్ళు. కొబ్బరికాయ కొడితే ఆ నీళ్ళు కూడా దాని మీదే. దేవుడికి ఎంత పుణ్యం దక్కేదో తెలియదు గానీ, పండగ అయిన మర్నాటి నుంచి నా దుకాణంలో కాలు పెట్టే చోటు ఉండేది కాదు.

మాలో ఒక కట్టుబాటు ఉంది. నాకు పని నేర్పిన ఉస్తాద్ పెట్టింది. పెద్ద కచేరీ ముందు ఎవరి వాయిద్యాన్ని వాళ్ళు విప్పుకోకూడదు. చెయ్యి వణుకుతుంది, తొందర పుడుతుంది, స్క్రూ ఒకటి ఎక్కడో పడిపోతుంది. "ఎవని గుండు వాడే గీక్కుంటె నెత్తురే కారతది బిడ్డా" అనేవాడు ఆయన. అందుకని ఆర్కెస్ట్రాలో వాయించే మేము జంటలుగా ఉండేవాళ్ళం. నీది నేను శుభ్రం చేస్తాను, నాది నువ్వు చెయ్యి. అంటే ఏమిటి? నీ నోటి ముందరి ముద్దను నా చేతిలో పెట్టడమే.

నా జంట రాంబాబు.

రుద్రూర్ దగ్గర కాలువ పక్కన ఒక క్యాంపు వాళ్ళది. కోస్తా నుంచి తాతల నాడు వచ్చి, కాలువ కింద పొలాలు కొనుక్కుని స్థిరపడినవాళ్ళు. ఇంట్లో ఆ యాస, మాతో మా యాస. తండ్రి లేడు. తల్లి సత్యవతమ్మ, పెళ్ళాం, కొంచెం పొలం. క్యాంపు రామాలయంలో భజనలకు హార్మోనియం వాయించేవాడు. మా ఆర్కెస్ట్రా నడిపే యాదన్న ఎక్కడో విని పట్టుకొచ్చాడు. అప్పట్లో ఆ ఆర్కెస్ట్రాలో లీడు కీబోర్డు నాది. పాటలో ముందు వినిపించేది నేను. రాంబాబు పక్కన కూర్చుని వెనక సాయం పట్టేవాడు.

మొదట్లో వాడంటే నాకు ప్రాణం. అబద్ధం కాదు. పొలం పని లేని ప్రతి రోజూ వచ్చి దుకాణంలో కూర్చునేవాడు. పని అంతా నేనే నేర్పాను. ముందు ప్లగ్గు తీసెయ్, అడాప్టరు తీసెయ్, సెల్సు ఉంటే అవీ తీసెయ్. తీశాక పవర్ బటన్ రెండు మూడుసార్లు నొక్కు, లోపల మిగిలిన కరెంటు పోతుంది. ఆంప్లిఫయర్ అయితే ప్లగ్గు తీసినా సరే లోపల చెయ్యి పెట్టకు, పెద్ద కెపాసిటర్లు దెబ్బ కొడతాయి, అది నేను చూసుకుంటా. రబ్బరు పట్టీని గోరువెచ్చటి నీళ్ళతో మెల్లగా కడిగి నీడలో పూర్తిగా ఆరబెట్టు. నల్ల చుక్కలను వేలితో ముట్టకు, చెమట జిడ్డు అంటుతుంది. పలక మీద పూతను స్వచ్ఛమైన స్పిరిటులో కొద్దిగా తడిపిన మెత్తటి గుడ్డతో అద్దు, రుద్దకు. పెట్రోలు వద్దు, థిన్నరు వద్దు, రబ్బరు ఉబ్బిపోతుంది. తలుపు బందులకు కొట్టే నూనె స్ప్రే అసలే వద్దు. అన్నిటికంటే ముఖ్యం, రేగ్మాల్ దగ్గరికి కూడా రానివ్వకు. రేగ్మాల్ అంటే గరుకు కాగితం, వడ్రంగులు చెక్క రుద్దేది. ఇనుప స్విచ్చుల మీద రుద్దినా పైన ఉన్న పలచటి మెరుగు పోతుంది. రెండు రోజులు బాగా పనిచేసి ఆ తర్వాత చస్తుంది. ఇక ఆ నల్లపూత సంగతి చెప్పనే అక్కర్లేదు.

అలా చెప్పిన నోరు ఇదే. చేసిన చెయ్యి కూడా ఇదే.

కుళ్ళు ఎప్పుడు మొదలైంది? ఇది నేను చాలాసార్లు వేసుకున్న ప్రశ్న. యాదన్న ఆ మాట అన్నప్పుడని చెప్పుకునేవాడిని. అందరూ వింటుండగా అన్నాడు: "ఏమనుకోకు భయ్, ఇగ ముందల రాంబాబు కూసుంటడు. నువ్వు పక్కపొంటి పట్టుకో. వాని చెయ్యి తియ్యగున్నది." నేను నవ్వాను. "మంచిదే అన్న, పిలగాడు మనోడే గదా" అన్నాను. గురువును మించిన శిష్యుడని నలుగురూ నా వీపు తట్టారు. ఆ తట్టిన చేతుల్ని విరిచెయ్యాలనిపించింది. కానీ మొదలైంది అక్కడ కాదు.

మా ఇంట్లో మొదలైంది. మా ఆవిడ బీడీలు చుడుతుంది. చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చుందంటే లోకం తెలియదు. ఆకు కత్తిరించడం, తంబాకు పొయ్యడం, చుట్టడం, దారం కట్టడం, ఆ వేళ్ళు ఆగవు. పెళ్ళయినప్పటి నుంచి ఆమె ముందు నేను ఎన్ని పాటలు వాయించానో! తల కూడా ఎత్తేది కాదు. పనిలో ఉన్న మనిషికి పాటేమిటి అనుకునేవాడిని. ఒక ఆదివారం మధ్యాహ్నం రాంబాబు మా ఇంటికొచ్చి, నా కీబోర్డే ముందేసుకుని, ఏదో భజన పాటను నిదానంగా వాయించాడు. ఆమె వేళ్ళు ఆగిపోయాయి. సగం చుట్టిన బీడీ చేతిలోనే ఉంది. పాట అయిపోయాక కళ్ళు తుడుచుకుని, "జర ఇంకోపారి వాయించు తమ్మీ" అంది.

అదే కీబోర్డు. అవే మెట్లు. నాకెప్పుడూ ఆగని వేళ్ళు వాడికి ఆగాయి.

నేను లేచి బయటికి వెళ్ళి, అక్కర్లేకపోయినా పాన్ డబ్బా దగ్గర నిలబడ్డాను. ఒళ్ళంతా మంట. వాడు మా ఆవిడను అక్కా అని పిలుస్తాడు, మంచి పిల్లాడు, మనసులో పాపం లేదు. ఉంటే బాగుండేది! కనీసం తిట్టుకోవడానికి ఒక సాకు ఉండేది. మంచివాడి మీద కుళ్ళు పెట్టుకోవడమంత నరకం ఇంకోటి లేదు. వాడి తప్పు దొరకదు, నీ మంట ఆరదు.

ఆ తర్వాత నుంచి వాడిలో ప్రతిదీ నాకు గుచ్చుకునేది. వాడు నవ్వితే గుచ్చుకునేది. "మా అన్న నేర్పిండు" అని నలుగురిలో నా పేరు చెబితే ఇంకా గుచ్చుకునేది. నన్ను తిట్టినా ఇంత బాధ ఉండదేమో. వాడు తప్పు వాయిస్తాడేమోనని స్టేజీ మీద చెవులు రిక్కించి కూర్చునేవాడిని. పక్కనుండి సాయం పట్టాల్సిన మనిషిని! ఛీ. రాస్తుంటే ఇప్పుడు కూడా సిగ్గేస్తోంది.

ఆ ఏడు దసరా అయ్యాక, బోధన్‌లో ఒక పెద్ద పెళ్ళికి మా ప్రోగ్రాం కుదిరింది. పెళ్ళివారి చుట్టమొకాయన హైదరాబాద్‌లో రికార్డింగ్ స్టూడియో నడుపుతాడట. వాయించేవాళ్ళ కోసం వెతుకుతున్నాడట. రాంబాబు సంగతి విని, పెళ్ళిలో చూస్తాను, నచ్చితే తీసుకుపోతాను అన్నాడట. యాదన్న ఈ సంగతి చెప్పగానే రాంబాబు నా చేతులు పట్టుకున్నాడు. "అన్నా, నాకు భయమైతాంది. నువ్వు పక్కనుంటెనే నాకు ధైర్యం" అన్నాడు. నేను వాడి భుజం మీద చెయ్యి వేశాను. లోపల మాత్రం ఒకటే మాట తిరుగుతోంది: నన్నెందుకు అడగలేదు? ఇన్నేళ్ళుగా వాయిస్తున్నాను, నా పేరు ఎందుకు ఎవడికీ గుర్తు రాలేదు?

కట్టుబాటు ప్రకారం కీబోర్డులు మార్చుకున్నాం. నాది వాడు పొద్దున్నే నా ఎదుటే కూర్చుని శుభ్రం చేశాడు. ఒక్కో బొడిపెను పసిపిల్ల చెవి తుడిచినట్టు తుడిచాడు. తనది నా బల్ల మీద పెట్టాడు. "మా అమ్మ పండగనాడు పసుపు నీళ్ళు సల్లిందన్నా. ఒకటి రెండు మెట్లు జర మొరాయిస్తున్నయ్. సూడు" అన్నాడు. కీబోర్డును నేరుగా పెళ్ళికే తెమ్మని, కోతలు నడుస్తున్నాయని బస్సెక్కి వెళ్ళిపోయాడు.

విప్పాను. రెండు మెట్ల కింద పసుపు మరక, కాస్త కుంకుమ. అంతే. తడిగుడ్డతో ఒక్క అద్దు అద్దితే పోయే మరకలు. అద్దాను, పోయాయి కూడా. కీబోర్డు తళతళలాడుతోంది. మూత పెట్టేస్తే పని అయిపోయినట్టే. మూత చేతిలోకి తీసుకున్నాను కూడా.

మరి ఎందుకు పెట్టలేదు? బల్ల కింద ఒక పాత చెక్క పెట్టెను నున్నగా చేయడానికి తెచ్చిన రేగ్మాల్ ముక్క ఉంది. అది కనిపించిందని చెప్పడం కూడా అబద్ధమే. నేనే వంగి వెతికాను. పట్టపగలు, వీధిలో ఆటోలు తిరుగుతున్నాయి, పక్క దుకాణం ఆయన చాయ్ తాగుతావా అని కేకేశాడు. తాగుతా అన్నాను. అన్నాక కూర్చుని, మధ్యలో ఉన్న మెట్ల కింద, అంటే వాడి కుడిచెయ్యి ఎక్కువగా ఆడే చోట, నల్లపూతను రుద్దాను. ఎక్కువ కాదు. ఎంత రుద్దితే వెంటనే చావకుండా, ఒకటి రెండు పాటలు వాయించాక చస్తుందో నాకు తెలుసు. నా విద్య అంతా ఆ లెక్కకు పనికొచ్చింది. చాయ్ వచ్చింది. తాగాను. చెయ్యి వణకలేదు. ఎవరి గుండు వాళ్ళు గీసుకుంటేనే చెయ్యి వణికేది, ఎదుటివాడి గొంతు కోసేటప్పుడు వణకదని ఆ రోజు తెలిసింది.

పెళ్ళిలో రాంబాబు మొదలుపెట్టడం అద్భుతంగా మొదలుపెట్టాడు. ఆ స్టూడియో ఆయన ప్లేటు పక్కన పెట్టి, కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఆడవాళ్ళ వరసలో సత్యవతమ్మ కూర్చుంది, జరీ చీర కట్టుకుని. తర్వాత నిదానమైన పాట వచ్చింది. మెల్లగా నొక్కాలి. మెల్లగా నొక్కితే మెట్లు పలకడం లేదు. వాడు గట్టిగా నొక్కాడు, ఒక్కసారి అరిచింది. మళ్ళీ మెల్లగా. మళ్ళీ మౌనం. పాట మధ్యలో పళ్ళూడినట్టు ఖాళీలు. జనంలో ఎవరో నవ్వారు. వాడు నా వైపు చూశాడు. కాపాడు అన్నా అని ఆ చూపు.

కాపాడాను. అదే కదా విడ్డూరం! లీడు నేనందుకున్నాను. నా కీబోర్డు ఆ రోజు పలికినట్టు ఎన్నడూ పలకలేదు. ప్రతి మెట్టూ వెన్నలా పలికింది. పలకదా మరి? శుభ్రం చేసింది రాంబాబు. వాడి చేతి మంచితనం మీద కూర్చుని నేను పాట పూర్తిచేశాను. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నాకు ఎంత బాగున్నాయో చెబితే మీరు నమ్మరు. స్టూడియో ఆయన రెండో పాటకే లేచి వెళ్ళిపోయాడు. నా వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

దొంగకు తేలు కుట్టినట్టు అంటారే, అప్పటి నుంచి నా బతుకు అదే. అరవడానికి లేదు.

మర్నాడే రాంబాబు కీబోర్డు పట్టుకుని వచ్చాడు. వాడే విప్పుతాడేమోనని స్క్రూడ్రైవరు నా వైపు లాక్కున్నాను. విప్పలేదు. "నాకు చేతులాడుతలేవు, నువ్వే సూడన్నా" అని బల్ల మీద పెట్టి, మొహం తిప్పుకుని గుమ్మంలో కూర్చున్నాడు. నేను మూత తీసి, చూసినట్టు నటించి, అయ్యో అన్నట్టు నాలుకతో చప్పుడు చేశాను. ఏం చెప్పాలో ముందు అనుకోలేదు. నోటికి అదే వచ్చింది: "పసుపు నీళ్ళు తమ్మీ. లోపటికి దిగినయ్. నేను పైపైన సాపు చేసిన గని, పూత ఎప్పుడో కుళ్ళిపోయింది. మీ అమ్మ..." అని ఆగాను. ఆ ఆగడం ఉందే, అది చెప్పినదానికంటే పెద్ద పాపం. మిగతాది వాడే పూర్తి చేసుకున్నాడు. లేచి, కీబోర్డు బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయాడు. నేను రుద్దిన ఆ పలకను ఊడదీసి సంచిలో వేసుకుని, బోధన్ దారిలో కాలువలో విసిరేశాను. వాడు ఎప్పుడూ అడగలేదు.

ఇంటికి వెళ్ళి తల్లిని ఏమన్నాడో తర్వాత వాడే చెప్పాడు. "నీ చెయ్యి తగిలి నా బతుకు బుగ్గిపాలయింది అన్నానన్నా" అని. ఆ తర్వాత ఆమెతో సరిగా మాట్లాడటం మానేశాడట.

వారం తిరగకముందే సత్యవతమ్మ నా దుకాణానికి వచ్చింది. ఒంటరిగా, బస్సు మారి వచ్చింది. చేతిలో గుడ్డసంచి. బల్ల ముందు నిలబడి సంచిలోంచి ఒక చిన్న ఇత్తడి గిన్నె తీసింది, తమలపాకు ఒకటి తీసింది. నాతో ఆమె అన్న మాటలు ఒక్కటీ మర్చిపోలేదు.

"ఇదిగో బాబూ, ఈ గిన్నెలోనే కలిపాను. కాసిని నీళ్ళు తెప్పించు."

నేనే గ్లాసుతో నీళ్ళిచ్చాను. గిన్నెలో పోసి, ఆకు కొస ముంచి, నా బల్ల మీద చల్లి చూపించింది. నాలుగు చుక్కలు పడ్డాయి.

"ఇంతే చల్లాను. అబద్ధం ఆడితే నా కళ్ళు పోతాయి. నువ్వు పని తెలిసినవాడివి. చూసి చెప్పు, ఇంత చుక్కకే పాడైపోతుందా?"

నేను ఆ చుక్కల వైపు చూశాను. అప్పటికే ఆరిపోతున్నాయి.

"ఒక్క సుక్క సాలమ్మా" అన్నాను.

"అయితే నా వల్లేనంటావు."

"మీరు కావాల్నని చేసిన్రా? తెల్వక చేసిన్రు."

"తెలియక చేసినా పోయింది వాడి బతుకే కదయ్యా" అంది. ఆకును గిన్నెలో పెట్టి, గిన్నెను సంచిలో పెట్టి, బల్ల మీద తడిని కొంగుతో తుడిచి వెళ్ళిపోయింది.

ఎందుకు చెప్పలేదు? నోరు తెరిస్తే చాలు. వాడు నన్ను కొడతాడు, యాదన్న తరిమేస్తాడు, బజారులో ఎవడూ నా చేతికి వాయిద్యం ఇవ్వడు. ఆ భయం ఉంది, కాదనను. కానీ అసలు సంగతి వేరే. ఆమె అంత దూరం కొడుకు కోసం వచ్చి, ఆ నాలుగు చుక్కలు చల్లి చూపిస్తుంటే, నాకు జాలి కంటే ముందు ఇంకోటి వచ్చింది. వీడికి ఇదొకటి కూడా ఉందా అనిపించింది. మా అమ్మ నన్ను ఎవరి దగ్గర పెట్టి పోయిందో కూడా సరిగా గుర్తులేనివాడిని నేను. ఆ కుళ్ళే నా నోరు మూసింది.

రాంబాబు మళ్ళీ స్టేజీ ఎక్కలేదు. ఎంతమంది అడిగినా, నా కీబోర్డు ఇస్తానన్నా, వద్దన్నాడు. "నాకు కలిసిరాదన్నా" అనేవాడు. వరికోత మిషన్ నడపడం నేర్చుకున్నాడు. సీజన్‌లో బాల్కొండ దాకా పోయి కోతలు కోసి వస్తాడు. ఆర్కెస్ట్రాలో లీడు నాకే తిరిగి వచ్చింది. కొన్నాళ్ళు వాయించాను. మా ఆవిడ వేళ్ళు మాత్రం ఆగలేదు.

ఇన్నేళ్ళూ వాడు నాతో స్నేహం మానలేదు చూడండి, అదీ శిక్షే. ఆ దిక్కు పోయినప్పుడల్లా పిలిచి అన్నం పెడతాడు. వడ్డించేది సత్యవతమ్మ. నేను తలెత్తకుండా తినేవాడిని.

మొన్న దసరాకు ఫోన్ చేశాడు. "అన్నా, బిడ్డకు కీబోర్డు కొన్న. పూజకు నువ్వు రావాలె. నేర్పేది గూడ నువ్వే" అన్నాడు. పోకుండా ఉండలేకపోయాను. పిల్లకు అప్పటికే తండ్రి నాలుగు స్వరాలు చూపించాడట. వాయించి చూపించింది. ఆ వేళ్ళు పడే తీరు అచ్చం రాంబాబుదే. నేనేం చేశానో తెలుసా? చిన్నపిల్లను చూసి కుళ్ళుకున్నాను. ఇంత ముసలితనంలో! ఆ పాము చావలేదు, పడుకుంది అంతే.

పూజ మొదలైంది. రాంబాబు పెళ్ళాం దీపం పెట్టింది. పిల్ల కుంకుమ భరిణె పట్టుకుని వంటింటి వైపు తిరిగి "నానమ్మా, నువ్వు బొట్టు పెట్టు" అంది. సత్యవతమ్మ వంటింటి గుమ్మంలోనే నిలబడి ఉంది. రెండు చేతులూ కొంగులో చుట్టుకుంది. ముందుకు రాలేదు. "నా చెయ్యి మంచిది కాదు తల్లీ. మీ అమ్మ పెడుతుందిలే" అంది. మామూలుగానే అంది, రోజూ అనే మాటలా. రాంబాబు తల దించుకుని అగరవత్తి వెలిగించాడు. ఎవరూ ఆమెను బలవంతపెట్టలేదు. ఆ ఇంట్లో అది ఎప్పుడో ఖాయమైపోయిన సంగతి అని అర్థమైంది. ట్రాక్టరుకు ఆమె బొట్టు పెట్టదు. కొత్త బట్టలు ఆమె విప్పదు. ఇన్నేళ్ళుగా ఏ కొత్త వస్తువూ ఆమె ముట్టలేదు.

నేను ఆమె చెయ్యి నరికినట్టే కదా? కాదంటారా?

పూజ అయ్యాక ఆమె పెరట్లో కుళాయి దగ్గర గిన్నెలు కడుగుతోంది. నేను చెయ్యి కడుక్కునే నెపంతో వెళ్ళాను. నిలబడే చెప్పేశాను. రేగ్మాల్ సంగతి, కాలువలో పారేసిన పలక సంగతి, పసుపు నీళ్ళ అబద్ధం. ఆమె కడగడం ఆపలేదు. అంతా విని, కుళాయి కట్టేసి, తన తడి చేతుల వైపు చూసుకుంది.

"వాడికి చెప్పావా?" అంది.

లేదన్నాను. ఇప్పుడే పోయి చెబుతానన్నాను. కాళ్ళ మీద పడబోతే వెనక్కి జరిగింది.

"వాడికి చెప్పకు" అంది. "నన్ను ఎన్నెన్ని మాటలన్నాడో అన్నీ ఒక్కసారి గుర్తొస్తాయి వాడికి. తట్టుకోలేడు. నేను పడ్డాను, పడ్డదేదో పడ్డాను. నువ్వు మాత్రం ఇంకెప్పుడూ మా గడప తొక్కకు."

క్షమించానని అనలేదు. తిట్టనూ లేదు. తిడితే తీసుకుని పోయేవాడిని. చేతులు కొంగుకు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

నేను ఇంటి పక్క సందులోంచి రోడ్డు మీదికి వస్తుంటే పిల్ల కేక వినపడింది. "డాడీ! డాడీ! నానమ్మ బొట్టు పెట్టింది చూడు!" రాంబాబు ఏమన్నాడో వినపడలేదు. ఆ తర్వాత కొత్త మెట్లు నాలుగైదు పలికాయి. ఎవరు నొక్కారో తెలియదు.

బస్సు కోసం కాలువ వంతెన మీద నిలబడ్డాను. ఏడుస్తాననుకున్నాను. ఏడుపు రాలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, అప్పుడు కూడా రాంబాబు మీద కుళ్ళే వచ్చింది. వాడు తిట్టిన తిట్లు వాడికే తగలకుండా అడ్డం నిలబడిన మనిషి ఉంది వాడి ఇంట్లో. వాడికి ఆ సంగతి తెలియను కూడా తెలియదు.

పండగ అయినప్పటి నుంచి వాడు ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. "చెప్పకుండ పోయినవేందన్నా, బిడ్డకు నేర్పవా?" అని మెసేజీ కూడా పెట్టాడు. జవాబు ఇవ్వలేదు. ఇస్తే నిజం చెప్పాలి, నిజం చెప్పొద్దని ఆమె మాట. నేను మొహం చాటేశానని, పెద్ద మనిషినైపోయానని వాడు అనుకుంటాడు. అనుకోనీ. ఎవరికి చెప్పాలో వాడికి చెప్పలేను కనుక మీకు చెప్పాను. ఆ కీబోర్డు పాడైంది పసుపు నీళ్ళ వల్ల కాదు. నేను పాడుచేశాను.